రెండో పేజీ, పంతొమ్మిదో పేజీ

మా ప్రెస్సు గోడ మీద ఒక అట్ట వేలాడుతుంటుంది: "ఫైలు మీది, తప్పులూ మీవే." రాయించింది ఓనరు. భక్తితో పాటించేది నేను. కాలేజీ పిల్లలు ప్రాజెక్టులు పట్టుకొచ్చే నెలలో, ఫైలు తెరవగానే తప్పు నా కంట్లో పడుతుంది. చెప్పను. అచ్చయ్యాక వాళ్ళు లబోదిబోమంటే అట్ట వైపు వేలు చూపిస్తాను. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. తర్వాత నేర్చుకున్న నాలుగు ముక్కలూ చెత్తబుట్టలోకి పోయే ప్రూఫులు చదివి నేర్చుకున్నవే. అన్నీ అమిరి చదువుకునేవాళ్ళ మీద ఆపాటి కక్ష తప్పు కాదనుకునేవాణ్ణి.

టికెట్టక్క ఫైలు తెచ్చిన రోజు కూడా అలాగే నోరు మూసుకుని కూర్చుందామనుకున్నాను.

ఆమెను అందరూ టికెట్టక్క అనే పిలుస్తారు. మా వీధి చివర సంగీత కచేరీలు జరిగే హాలు ఉంది. దాని టికెట్ల కిటికీలో పదకొండేళ్ళుగా కూర్చునేది ఆమే. కిటికీకి మసక అద్దం, దానికి అరచెయ్యి పట్టేంత కంత, అంతే. ముప్పై ఆరేళ్ళ మనిషి. ఇంట్లో తల్లి, పదేళ్ళ కూతురు. భర్త లిఫ్టులు బాగుచేసే పని మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. రెండేళ్ళ కిందట పత్రికలు, సినిమాలు, ప్రకటనలు నేర్పే పొద్దుటి కోర్సులో చేరింది. క్లాసులో అందరూ ఆమెకంటే పదిహేనేళ్ళు చిన్నవాళ్ళు. మొదటి వారం ఆంటీ అని నవ్వారట. మూడో వారానికి "ఆంటీ, నోట్సిస్తారా?" అని వెంటపడ్డారట. ఇంట్లో తల్లి వేరే రకం.

"నీ కూతురు ఎక్కాలు అప్పజెబుతుంటే పక్కన కూర్చుని నువ్వు పరీక్షకి చదవడమేంటే? చూసేవాళ్ళకి ఎవరు తల్లో ఎవరు పిల్లో తెలియట్లా!"

"తెలియకపోతే మంచిదేగా అమ్మా. వయసు తగ్గినట్టే కదా."

నవ్వుతూ అంటుంది గాని, అవసరం నవ్వులాటది కాదు. ఆ ఏడాది చివరికి కిటికీ మూసేస్తామని హాలు మేనేజరు చెప్పేశాడు. ఇకమీదట టికెట్లన్నీ ఫోన్లలోనే. ఆమెకు చూపించిన వేరే పని నేలమాళిగలో బండ్ల దగ్గర టోకెన్లిచ్చే గది. అక్కడికి పొగ వస్తుంది, హారన్లు వస్తాయి, సంగీతం రాదు. ఇంకో దారి కూడా చెప్పాడు. హాలు తరఫున నెలనెలా ఒక చిన్న పత్రిక వేద్దామనుకుంటున్నారు. కోర్సు పాసై, సొంతంగా తయారుచేసిన పత్రిక ఒకటి చేతికిస్తే ఆ పని ఆమెకిచ్చి చూస్తానన్నాడు. కోర్సులో చివరి ప్రాజెక్టు కూడా అదే: సంగీత పత్రిక ఒకటి మొదటినుంచి చివరిదాకా సొంతంగా రూపొందించి, అచ్చువేసి ఇవ్వాలి.

మర్నాడు పదకొండింటికి ఇవ్వాలనగా ఆమె మా ప్రెస్సుకు వచ్చింది.

"పది కాపీలు కావాలి తమ్ముడూ. మధ్యలో మడిచి పిన్ను కొట్టండి. పద్దెనిమిది పేజీలు."

పద్దెనిమిది అనగానే నాకు లోపల ఈల వేయాలనిపించింది. మడిచి పిన్ను కొట్టే పుస్తకంలో ఒక్కో కాగితం నాలుగు పేజీలవుతుంది. అందుకే పదహారు ఉంటుంది, ఇరవై ఉంటుంది. పద్దెనిమిది ఉండదు. ఫైలు తెరిస్తే కారణం కూడా దొరికింది. ముందు అట్ట, వెనక అట్ట, లోపల పదహారు పేజీలు. అట్టలకు లోపలివైపు కూడా ఉంటుందని ఆమె మరిచిపోయింది! పదకొండేళ్ళు టికెట్లు చింపిన చేతులు. టికెట్టు వెనకవైపు ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది, దాన్ని ఎవరు లెక్కలోకి తీసుకుంటారు? దాంతో పేజీలన్నీ ఒకటి చొప్పున పక్కకు జరిగాయి. రెండు పేజీలకూ కలిపి పరిచిన పెద్ద ఫొటోలు ఏడున్నాయి. ఆ ఫైలును అలాగే అచ్చువేస్తే ఏడు మొహాలూ చీలిపోతాయి. గాయకుడి ఒక కన్ను ఈ పేజీలో, రెండో కన్ను కాగితం తిప్పితే.

"సరే, సాయంత్రం నాలుక్కి రండి," అన్నాను.

ఆమె వెళ్ళలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది. "నువ్వు అన్నీ చదువుతావంట కదా, మీ మెషీన్ మామ చెప్పాడు. ఇది కూడా చదివి ఎలా ఉందో చెప్పవా?"

ఈ పనిలో చేరిన ఆరేళ్ళలో ఆ మాట నన్నడిగిన మొదటి మనిషి ఆమె. ఫాంటు మార్చమన్నవాళ్ళున్నారు, త్వరగా కానిమ్మన్నవాళ్ళున్నారు. ఎలా ఉందని అడిగినవాళ్ళు లేరు. పద్దెనిమిది పేజీలూ చదివాను.

"నిజం చెప్పమంటారా అక్కా?"

"అబద్ధాలు చెప్పడానికి క్లాసులో ముప్పై మందున్నారు. నువ్వు నిజమే చెప్పు."

"శుభ్రంగా ఉంది. కానీ అద్దెకు తెచ్చిన కోటులా ఉంది. నల్ల అట్ట, లావు అక్షరాలు, గాయకుడు గడ్డం కింద చెయ్యి పెట్టుకున్న ఫొటో. ఇలాంటివి నేను నెలకి నాలుగు అచ్చేస్తాను."

ఆమె మొహం చిన్నబోయింది. ఇంకొకటి చెప్పకపోతే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది కాదు. చెత్తబుట్టలోంచి ఐదు కాగితాలు తీసి, మడిచి, ఒకదానిలో ఒకటి దూర్చి, పెన్సిలుతో పేజీల నంబర్లు వేశాను. దీన్ని మేం డమ్మీ అంటాం. చిన్నపిల్లలు చేసుకునే పుస్తకంలా ఉంటుంది. అట్ట లోపలి వైపు తెరిచి ఆమె ముందు పెట్టాను.

"ఇక్కడ ఏముంది అక్కా?"

"ఏమీ లేదు."

"మీ ఫైల్లో కూడా ఏమీ లేదు. చివర్న కూడా లేదు. రెండో పేజీ, పంతొమ్మిదో పేజీ. ఈ రెండూ పెడితేనే మీ గాయకుడి కళ్ళు రెండూ ఒక చోటికి వస్తాయి."

డమ్మీని అటూ ఇటూ తిప్పి చూసింది. తల పట్టుకుంది. "ఒక్క పేజీ ఖాళీగా ఉన్నా మార్కులు కోస్తామన్నారే! ఇప్పుడు రెండు పేజీలకి ఎవర్ని పట్టుకుని ఇంటర్వ్యూ చేయను?"

ఈ గొడవంతా విని ఓనరు గదిలోంచి వచ్చాడు. "దానికింత కంగారెందుకమ్మా? మన ప్రెస్సు ప్రకటన వేసేయండి. నా ఫొటో కూడా ఉంది, కోటు వేసుకున్నది."

"ఇంకో పేజీలో ఏం పెడతారు, కోటు విప్పేసిందా?" అన్నాడు మెషీన్ మామ లోపల్నుంచి. ఆయన మా ప్రెస్సు పుట్టకముందునుంచీ మెషీన్ల దగ్గరే ఉన్న మనిషి. ఓనరుకు కూడా భయపడడు.

టికెట్టక్క నవ్వలేదు. "పెట్టేయ్ తమ్ముడూ. ప్రకటనే పెట్టేయ్. పాసైతే చాలు."

ఫొటో కోసం వెతుకుతున్నాను. ఆ సందులో మామ చేతులకు సిరా తుడుచుకుంటూ వచ్చి ఊరికే అడిగాడు. "పదకొండేళ్ళున్నావు కదమ్మాయీ, పెద్ద పెద్ద కచేరీలన్నీ చూసేసుంటావు?"

"ఒక్కటీ చూడలేదు మామా. కచేరీ అయ్యేదాకా కిటికీ వదలడానికి లేదు. ఆలస్యంగా వచ్చేవాళ్ళుంటారు, బండి తాళాలు పారేసుకున్నవాళ్ళుంటారు. గోడకి ఇవతలనుంచి విన్నాను. అదీ సగమే."

"సగమేంటి?"

"కింది సగం. పైకెళ్ళే పాట గోడ దాటి రాదు. బరువైన స్వరాలే వస్తాయి, బల్ల మీద చెయ్యి పెడితే తెలుస్తాయి. మిగతా పైసగం నేనే అల్లుకుంటాను. ఒక్కోసారి వాళ్ళు పాడినదానికంటే నాదే బాగుంటుందేమో, ఎవరికి తెలుసు?"

మామ నవ్వాడు. ఆమె ఆగలేదు. "వచ్చేవాళ్ళ మొహాలు కూడా నాకు తెలియవు. చేతులే తెలుసు. వేళ్ళ చివర కాయలు కాసిన చెయ్యి వచ్చిందంటే అతనూ తీగలు వాయించేవాడే. సంగీతం కోసం రాడు, పోటీవాడు ఎక్కడ తప్పు వాయిస్తాడా అని వస్తాడు. ఇంకో చెయ్యి ఉంది, వణుకుతుంది. ప్రతి నెలా పక్కపక్క సీట్లు రెండు కొంటుంది. లోపలికెళ్ళేది ఒక్కరే. రెండోది ఎవరికని నేనెప్పుడూ అడగలేదు."

లోపల మెషీన్ తిరుగుతూనే ఉంది. ఓనరు ఫొటో నా తెరమీద కోటుతో సహా నవ్వుతూ ఉంది. దాన్ని తీసేసి ఖాళీ పేజీ తెరిచాను.

"అక్కా, ఇప్పుడు చెప్పారే, మళ్ళీ చెప్పండి. నేను టైపు చేస్తాను."

"ఇదా? ఇది సంగీతమా? చేతుల గురించి ఎవడు చదువుతాడు?"

"నేను చదువుతాను," అన్నాడు మామ. "ఆ గాయకుడి గడ్డం గురించి మాత్రం చదవను."

రెండో పేజీలో లోపలికి వెళ్ళే చేతులు వచ్చాయి. పంతొమ్మిదో పేజీలో ఏం రాయాలో ఆమే తేల్చింది: బయటికి వచ్చేవాళ్ళు. నేను ఒక వాక్యం పొడిగించబోతే మందలించింది. "నీ కవిత్వం వద్దు తమ్ముడూ, నేనన్నదే కొట్టు." అన్నది అన్నట్టే కొట్టాను: "కచేరీ బాగుంటే మెట్లు దిగేదాకా ఎవరూ మాట్లాడరు. బాగాలేకపోతే తలుపు దగ్గరే భోజనం సంగతి ఎత్తుతారు. అందుకే ఏ కచేరీ ఎలా జరిగిందో తెలుసుకోవడానికి నేను మర్నాటి పేపరు చూడను."

ఆ రెండు పేజీలకు ఫొటోలు లేవు. మామ సలహా మీద ఆమె ఎడమ అరచేతిని స్కానరు మీద పెట్టించాను. రేఖలన్నీ కనబడేలా తెల్లటి పేజీ మీద నల్లటి చెయ్యి వచ్చింది. ఓనరు అలిగి తన గదిలోకి పోయాడు. కాసేపటికి తిరిగొచ్చి, పంతొమ్మిదో పేజీ నిలబడే చదివి, "రెండో వాక్యంలో ఒత్తు పోయింది, చూసుకోరా మేధావీ," అన్నాడు. నిజంగానే పోయింది.

నాలుగింటికి పది కాపీలూ అంచులు కోసి ఇచ్చాం. మొదటి కాపీలో ఆమె ముందు నడుమ పేజీలు తెరిచింది. గాయకుడి కళ్ళు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. "అమ్మయ్య, మనిషయ్యాడు!" అంది.

పదిహేను రోజులు కనబడలేదు. నేను రోజూ హాలు ముందునుంచే ఇంటికి వెళ్ళేవాణ్ణి. కిటికీకి తెర వేసి ఉండేది. ఆగి అడగడానికి అహం అడ్డొచ్చింది. పదహారో రోజు పొద్దున్నే పెన్‌డ్రైవ్ ఊపుకుంటూ వచ్చింది.

"ఏమైంది?" అన్నాను, తెరమీంచి తల ఎత్తకుండా.

"సెకండ్ క్లాసు. అట్ట చూసి పాతదిలా ఉందని మార్కులు కోశాడు, ప్రాజెక్టు దిద్దిన మహానుభావుడు."

"నేను చెప్పానా?"

"చెప్పావులే. కానీ అట్ట తిప్పి రెండో పేజీ దగ్గర ఆగిపోయాడు. నిలబడి మొదలెట్టాడు, కుర్చీ జరుపుకుని కూర్చుని పూర్తిచేశాడు. తర్వాత సరాసరి పంతొమ్మిదో పేజీకి పోయాడు. మధ్యలో ఏముందో చూశాడో లేదో కూడా అనుమానమే!"

"మరి హాలు వాళ్ళు?"

"మూడు నెలలు చూస్తామన్నారు. నచ్చకపోతే టోకెన్ల గదే. మా అమ్మ అప్పుడే పక్కింటివాళ్ళకి చెప్పేసింది, మా అమ్మాయి ఎడిటరని. నిన్నటిదాకా తిట్టిందంతా అప్పుడే మరిచిపోయింది." కొంచెం ఆగి అంది. "మొన్న కచేరీ చూశాను తమ్ముడూ. లోపల కూర్చుని. మొదటిసారి."

"ఎలా ఉంది?"

"పైసగం నేననుకున్నట్టు లేదు. ఇంకా బాగుంది."

హాలు పత్రిక మొదటి సంచిక ఫైలు తెరిచాను. ఈసారి అట్టల లోపలివైపులు వదల్లేదు. ముందు లోపలివైపు రెండో పేజీలో, ఆలస్యంగా వచ్చేవాళ్ళు చెప్పే సాకుల మీద ఒక ముక్క ఉంది. పేజీలు లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను.

"అక్కా, ఇవి పదిహేడే. ఇరవై అవ్వాలి. ఇంకా మూడు తక్కువ!"

"తెలుసురా," అంది స్టూలు లాక్కుంటూ. "ఆ మూడూ నీకు. మా హాలు పోస్టర్లన్నీ నువ్వే అచ్చేస్తావు, ఒక్క కచేరీకీ రావు. ఎందుకు రావో రాయి."

గోడ మీది అట్ట వైపు చూపించాను. ఫైలు మీది, తప్పులూ మీవే.

"ఇది నీ ఫైలే," అంది.

చెత్తబుట్టలోంచి ఐదు కాగితాలు తీసి మడవడం మొదలుపెట్టాను.