చేతికి చుట్టిన పేలిక

మాది ఆగిరిపల్లి దగ్గర మామిడి తోట. కోతలకి ముందే చిక్కాలు సిద్ధం చేసుకుంటాం. పొడుగాటి వెదురు గెడ, దాని కొసకి ఇనప రింగు, రింగుకి వల. కాయ వలలోకి జారాలి గాని నేల మీద పడకూడదు. బజార్లో దొరుకుతాయి, ఇంట్లో వెదుళ్లు పెట్టుకుని కొనడమేంటని నేనే ఒప్పుకోను. అందుకని గెడలకి బెజ్జాలు వేయడానికి మా అబ్బాయి హనుమాన్ జంక్షన్‌లో ఒక పాత డ్రిల్లింగ్ మిషను కొనుక్కొచ్చాడు.

మొన్న వేసవిలో వాడి కూతురు, ఏడో తరగతి పిల్ల, నేనూ నేర్చుకుంటానని పట్టుబట్టింది.

"నేర్పరా, రేపు మేస్త్రీ కూలి మిగులుతుంది" అన్నాను.

వాకిట్లో వాడు పక్కనే నిలబడి రెండు గెడలకి వేయించాడు. ఇంతలో ఫోనొచ్చి గేటు దాకా వెళ్లాడు. వెదురు పీచు గుచ్చుకుంటోందని పిల్ల లేచి, కోతల బుట్టలోంచి పాత చీర పేలిక తీసి ఎడమచేతికి చుట్టుకుంది. కాయ కోసేటప్పుడు సొన పడితే చర్మం పొక్కుతుంది, అందుకని మేమందరం అలాగే చుట్టుకుంటాం. నేను చూశాను, ఏమీ అనలేదు. పిల్ల మూడో గెడ మొదలుపెట్టింది, నేను చింతపండులో గింజలు తీసుకుంటూ కూర్చున్నాను.

మిషను మోత మారింది. తలెత్తి చూస్తే పేలిక కొస మిషను ముందు తిరిగే బిట్టుకి చుట్టుకుంటోంది. పిల్ల మీట వదిలేసింది. మిషను ఆగలేదు. దాని పక్కన ఒక గుండీ ఉందట, అది నొక్కుకుపోతే మీట వదిలినా తిరుగుతూనే ఉంటుందట. అప్పుడు నాకు తెలియదు. గుడ్డ బిగుస్తోంది, చెయ్యి బిట్టు వైపుకి పోతోంది.

"నాయనమ్మా, ఆగట్లేదు" అంది. అరవలేదు. గొంతు చాలా చిన్నగా వచ్చింది.

మిషను పట్టుకున్నాను. నా చేతుల్లో గిలగిల్లాడి పిల్ల మోకాలికి కొట్టింది. ఏది నొక్కాలో తెలియదు. స్విచ్చు ఇంట్లో ఉంది. అంత దూరం పోయి వచ్చేలోగా వేళ్లుండవు. కిటికీలోంచి వచ్చిన వైరు దొరకబుచ్చుకుని లాగాను. చుట్టలు చుట్టలుగా వదులు వైరే వస్తోంది. లాగాను, ఇంకా వస్తోంది. చివరికి బిగిసింది. ఒళ్లంతా వేసి గుంజితే లోపల ప్లగ్గు ఊడింది. మిషను మూలిగి ఆగింది.

మావాడు పరుగెత్తుకొచ్చి గుడ్డ పట్టుకుని లాగబోయాడు.

"లాగావంటే వేలు ఊడొస్తుంది. కాయల ముచ్చికలు కోసే కత్తెర తే" అన్నాను.

గుడ్డ మోకులా పేనుకుపోయింది. వేళ్లు నేరేడుపండు రంగుకి తిరిగాయి. ఒక్కొక్క పోగూ కత్తిరిస్తూ పోయాను. పిల్ల నా భుజం కొరికి పట్టుకుంది.

"పేలిక ఎవరు చుట్టుకోమన్నారే నిన్ను?" అన్నాడు వాడు.

"కాయలు కోసేటప్పుడు మీరు చుట్టుకోరా?" అంది.

వాడు లేచి బండి తీశాడు.

బండి మీద ఇద్దరి మధ్యా కూర్చోబెట్టుకుని నూజివీడు తీసుకెళ్లాం. డాక్టరు ఫొటో తీయించి ఎముక విరగలేదన్నాడు. "వేళ్లు ముడువమ్మా" అన్నాడు. నాలుగు వేళ్లు కదిలాయి. మధ్యవేలు కదల్లేదు. నరం నలిగిందని, ఆ వేలికి పని చెబుతూ ఉంటే కదలిక రావచ్చని, రాకపోనూవచ్చని అన్నాడు. పిల్ల డాక్టర్ని చూడలేదు, నా మొహం చూసింది. నేను మొహం మార్చలేదు. బయటికొచ్చాక చెట్టు కింద కాసేపు కూర్చున్నాను.

కట్టు విప్పిన దగ్గర్నించి రోజూ సాయంత్రం బట్టలు పిండిస్తున్నాను.

"వేరే ఇళ్లల్లో దెబ్బ తగిలితే పాలిస్తారు, ఇక్కడ బట్టలు పిండిస్తారు" అంటుంది.

"పాలకి డబ్బులవుతాయి. తిప్పు, గట్టిగా తిప్పు."

మొదట్లో ఆ వేలు కర్రలా నిలబడేది. తువ్వాలు అవతలికి జారిపోయేది. కళ్లనీళ్లు పెట్టుకునేది, నేను చూడనట్టు పక్క దండెం సర్దుకునేదాన్ని. ఇప్పుడు సగం ముడుస్తోంది. అరచేతికి ఇంకా ఆనలేదు.

నిన్న పిల్ల ఆరేసి లోపలికి వెళ్లాక తువ్వాలు అంచు కింద అరచెయ్యి పెట్టి చూశాను. నీళ్లు కారుతూనే ఉన్నాయి, కాకపోతే మునుపటిలా ధార కాదు, బొట్టూ బొట్టూ. అది లోపల్నించి చూస్తోందని తెలియదు.

"ఎలా ఉంది నాయనమ్మా?" అంది.

"ఇంకా తడే. తీసి మళ్లీ పిండు" అన్నాను.