పీర్ల పండగ గళ్ల లెక్క

ఫిరోజా మా మిద్దె మీది గదిలో అద్దెకుంటుంది. సొంతూరు నందికొట్కూరు. వేంపల్లెలో హైస్కూలు లెక్కల టీచరు. మనిషి సన్నం, పట్టు మాత్రం ఉడుము పట్టు. పండగ వస్తే అందరూ పిండివంటలు చేస్తారు, ఈమె లెక్క తయారు చేస్తుంది. కాగితం మీద గళ్లు గీసి, పక్కన పేర్లు, పైన పనులు రాస్తుంది. కింద కొన్ని ఆనవాళ్లు ఇస్తుంది. వాటిని పట్టి ఎవరు ఏం చేశారో తేల్చాలి. కానిచోట ఇంటూ, అయినచోట టిక్కు. కూడికల్లేవు, తీసివేతల్లేవు. ఇదేం లెక్కని నేను మొదట్లో నవ్వాను. మూడో తరగతితో బడి మానేసినదాన్నే, కానీ నవ్వడానికి చదువెందుకు?

హెడ్మాస్టరు వీరభద్రకూ అది నచ్చలేదు.

"పండగలు మేము ఇండ్లల్లో చేసుకుంటాంలేమ్మా. శుక్రవారం వచ్చి చూస్తా. పిల్లోళ్లు సరిగ్గా చేస్తే సరి. లేకుంటే ఆ కాగితాలు మూటగట్టి సిలబస్ చెప్పు" అన్నాడు.

ఆ వారం పీర్ల పండగ. ఫిరోజా దాని మీదే లెక్క కట్టింది. పేర్లు మా వీధివే. బొజ్జన్న, వలి సాహెబ్, ఉమామహేశ్. ఒకరు ఊరేగింపులో పీరును ఎత్తుకున్నారు, ఒకరు నిప్పుల గుండం తవ్వారు, ఒకరు దివిటీ పట్టారు. ఒకరు చక్కెర, ఒకరు బెల్లం, ఒకరు పానకం తెచ్చారు. ఆనవాళ్లు ఇవి: పీరును ఎత్తుకున్నవాడు బెల్లం తెచ్చాడు. బొజ్జన్న చక్కెర తెచ్చాడు. ఉమామహేశ్ గుండం తవ్వాడు.

బడి గోడా మా పెరటి గోడా ఒకటే. శుక్రవారం నేను పోయి తరగతి కిటికీ దగ్గర నిలబడ్డాను. నన్ను పొమ్మనే మగాడు ఆ బడిలో లేడు.

పిల్లలు చకచకా రాసేశారు. పీరును ఎత్తుకున్నది బొజ్జన్న. అందరిదీ అదే జవాబు. ఈ ఊళ్లో పుట్టినవాళ్లు ఇంకేం రాస్తారు? ఏటా మా వీధి పీరును ఎత్తుకునేది బొజ్జన్నే, అంతకుముందు వాళ్ల నాయన. వీరభద్ర కాగితాలు తిప్పి చూసి మెచ్చుకున్నాడు. ఆయనదీ ఈ ఊరే.

"శానా బాగా చేసినారే! సరేమ్మా, ఈ లెక్కలు కానీ."

ఫిరోజా నోరు మూసుకుంటే సరిపోయేది.

"అందరిదీ తప్పు సార్" అంది.

"తప్పేంది? బొజ్జన్న కాకుంటే ఎవరెత్తుకుంటారు? నువ్వు బయట్నుంచి వచ్చినదానివి, నీకేం తెలుసు?"

"నేనూ ఏటా చూస్తాండా కదమ్మే!" అన్నాను కిటికీలోంచి.

"అవ్వా, నువ్వు ఊరకుండు. సార్, పీరును ఎత్తుకున్నోడు బెల్లం తెచ్చినాడని ఉండాది. బొజ్జన్న తెచ్చింది చక్కెర. ఇంక ఆయన యాడ ఎత్తుకున్నట్టు?"

వీరభద్ర ఒక కాగితం తీసుకుని వెనక బెంచీలో ఇరుక్కుని కూర్చున్నాడు. పీరు గడిలో బొజ్జన్నకు ఇంటూ పెట్టాడు. గుండం తవ్వాడు కాబట్టి ఉమామహేశ్‌కూ పెట్టాడు. మిగిలింది వలి సాహెబ్. పిల్లలు చెరిపి మళ్లీ రాస్తున్నారు.

"వచ్చే పండక్కీ పెట్టమ్మా" అన్నాడు లేస్తూ. "మా ఊరోళ్ల పేర్లు మాత్రం వద్దు."

"అవే పెడతా సార్. పేరు చూసి రాసేస్తాండారు. ఆనవాలు చదివేది నేర్చుకోవాల కదా."

"మొండిదానివే!" అన్నాడు. కాదనలేదు.

వినాయక చవితి లెక్కలో నా పేరు పెట్టి, కాగితం నాకూ ఒకటి ఇచ్చింది. సుబ్బరత్నమ్మ ఉండ్రాళ్లు చేయలేదట! మా ఇంట్లో ఉండ్రాళ్లు లేని చవితి ఎప్పుడూ లేదు. అడిగేద్దామని మెట్లెక్కబోయి, ఆగి, కింద రాసిన ఆనవాళ్లన్నీ చదివాను. ఉండ్రాళ్ల గడిలో నా పేరు పక్కన ఇంటూ పెట్టాను.