బోర్డు మీద లేని బ్రాకెట్లు

"రెండూ మూడూ కలిపి వర్గం చేస్తే పదకొండా, అగాయ్? ఇదేనా మీరు చెప్పే చదువు?" బెగిమాయ్ లేచి అరుస్తోంది. "ఇరవై అయిదే వస్తుంది, నువ్వే తప్పు కొట్టుంటావు," అన్నాడు కుబాత్. "మీ బోర్డు చూసే దించాను. మీరే చూడండి!" బిష్కెక్‌లో ఓ నేలమాళిగలో కొత్తవాళ్లకి సి అనే కంప్యూటర్ భాష నేర్పుతాడు కుబాత్; మేమంతా అతన్ని అగాయ్, అంటే మాస్టారు, అని పిలుస్తాం. మాక్రోల పాఠం రాగానే సంచిలోంచి రొట్టెల మీద చుక్కలు పొడిచే చెకిచ్ తీసి బల్ల మీద గుద్దుతాడు. "ఈ అచ్చుకి పిండి సంగతి తెలీదు. మాక్రో కూడా అంతే, లెక్క కట్టదు, ఇచ్చింది ఇచ్చినట్టు ప్రోగ్రాంలో అతికిస్తుంది. బ్రాకెట్లు పెట్టకపోతే గుణకారం ముందు జరిగిపోతుంది, పెట్టి చావండి," అంటాడు. ప్రతి బ్యాచ్‌కీ అదే గుద్దు, అదే తిట్టు. బోర్డుకి ముక్కు ఆనించి రాస్తాడు. మీసాలకి సుద్దపొడి అంటినా తుడుచుకోడు.

ఆ రోజు తను రాసిన లైను మీద వేలు పెట్టి తడుముకుంటూ పోయాడు. తడిమిన చోటల్లా అక్షరాలు చెరిగాయి. అక్కడ బ్రాకెట్లే లేవని, అందుకే రెండు ప్లస్ మూడు ఇంటూ రెండు ప్లస్ మూడు అయి పదకొండు వచ్చిందని వెనక బెంచీలో ఉన్న నాకే కనబడుతోంది. చివరికి, "కావాలనే వదిలేశాను, పట్టుకుంటారో లేదో అని," అన్నాడు. బెగిమాయ్ నమ్మి కూర్చుంది. నేను నమ్మలేదు.

క్లాసయ్యాక మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకున్నాడు. "చూపు పోతోంది తమ్ముడూ, ఇక రాదన్నారు. ఓనరుకి తెలిస్తే తీసేస్తాడు. నాకు వేరే పని రాదు. రేపట్నించి ముందు బెంచీలో కూర్చో. నేను బ్రాకెట్ వదిలేస్తే కాస్త దగ్గు."