కిటికీ వైపు చెంప

ఒక చేత్తో నీలం గుడ్డనీ, మరో చేత్తో దారం రీలునీ కిటికీ అద్దం దగ్గర పట్టుకుని, రెండు రంగులూ కలుస్తున్నాయో లేదో చూస్తోంది దర్జీ. ట్యూబులైటు చెప్పే రంగును ఆమె నమ్మదు. మిషనుకు ఎడమ పక్కన కిటికీ ఉండాల్సిందే. కుడి నుంచి వెలుతురొస్తే చేతి నీడ సూది మీద పడుతుంది. ఇరవై రెండేళ్లుగా అదే చోటు.

రీలు దించుతుంటే ఎదుటి గోడ అద్దంలో తన ముఖం కనపడింది. రెండు చెంపల మీదా మంగు, రెండు నెలల్లో ఇంకా ముదిరింది. ఆ నీలం గుడ్డ తోటికోడలిది, కూతురి గౌనుకని ఇచ్చింది. రెండు నెలల కిందట, "అక్కా, ఇది రాసుకో, మంగు ఇట్టే పోతుంది" అని పేరూ ఊరూ లేని క్రీము డబ్బా ఇచ్చిందీ ఆవిడే.

'కావాలనే ఇచ్చింది. నా ముఖం చూసి నవ్వుకోవడానికి.'

గుడ్డ కోయకుండా ముఖాన కొట్టి రావాలి, మళ్లీ ఆ గడప తొక్కకూడదు. ముందు ఆ డబ్బా గుట్టేదో డాక్టరమ్మతోనే చెప్పించాలి.

"ఏ చెంపకు రాశారు?" అంది ఆసుపత్రిలో డాక్టరమ్మ, డబ్బా తిప్పి చూసి.

"రెండింటికీ. మూడు రోజులు రాసి, జిడ్డని మానేశాను."

"మరి ఎడమ పక్కే ఎక్కువుందే! పగలంతా ఎక్కడ కూర్చుంటారు?"

"కిటికీ పక్కన. ఎండలో కాదండీ, అద్దం మూసే ఉంటుంది."

"మంగును పెంచే వెలుతురు అద్దంలోంచి కూడా వస్తుందమ్మా. పేరు లేని క్రీములు మాత్రం మళ్లీ ముట్టుకోకండి."

ఎండకు గుడ్డ వెలుస్తుంది గానీ నల్లబడుతుందా? ఈవిడకు కుట్టు తెలీదు. తోటికోడలు గానీ ఈవిడకు తెలుసేమో, వెనకేసుకొస్తోంది!

ఇంటికొచ్చి, ఇచ్చేయడానికి కిటికీ గట్టు మీది నీలం గుడ్డ తీసింది. దాని కింద ఏడాదిగా కదలని ఎర్ర అస్తరు గుడ్డ ఉంది. గది వైపు మడత కొత్తదానిలా ఉంది. కిటికీ వైపు మడత మాత్రం పాలిపోయింది, మూసిన అద్దం వెనకే. గోడ అద్దం ముందుకెళ్లి ముఖం అటూ ఇటూ తిప్పి చూసుకుంది. గుడ్డ వెలిసిన వైపే తన చెంప ముదిరింది.

క్రీముకు కుడీ ఎడమా తెలుసా?

ఇచ్చేయాలని తీసిన నీలం గుడ్డను బల్ల మీద పరిచింది. తర్వాత కిటికీ కింది సగానికి మందపాటి గుడ్డ బిగించి, కత్తెర అందుకుంది.

మర్నాడు తోటికోడలు వచ్చింది. "ఏంటక్కా, కిటికీకి కూడా గౌను కుట్టావా?"

"ఆ డబ్బా ఎక్కడ కొన్నావే?"

"సంతలో. నేనూ రాసుకున్నా. ఇదిగో, నా మొటిమ అక్కడే కూర్చుంది, అద్దె ఇవ్వకుండా!"

"పారేయ్. పేరు లేని డబ్బాని ఎలా నమ్మావే?"

"నువ్వు మనుషుల్నే నమ్మవు, ఇక డబ్బాల్ని ఏం నమ్ముతావులే!"

దర్జీ కుట్టిన గౌను తీసింది. గౌను అంచు తిప్పి, కుట్టు మరోసారి వేలితో తడిమి చూసింది. నీలంలో దారం ఎక్కడుందో తనకే కనపడలేదు. మడత పెట్టి తోటికోడలి చేతుల్లో పెట్టింది.