తుపాకీ గొట్టంలో తీర్థం

మా నాన్న మా అమ్మతో మాట్లాడటం మానేశారంటే మలేసియాలోని మా ఊరు సుంగై సుమున్‌లో ఎవరూ నమ్మలేదు. పొద్దున్న లేచింది మొదలు వసపిట్టలా వాగే మనిషి! అలాంటిది ఆయుధపూజ అయిన కొన్నాళ్లకు నోటికి తాళం వేసుకున్నారు. అమ్మ అన్నం పెడితే తింటారు, కంచం కడిగేస్తారు, పలకరు.

కారణం తుపాకీ. అడవిపందులు పామాయిల్ మొక్కల మొవ్వులు తినేస్తుంటే తోట కాపలాకని, లైసెన్సు తీసుకుని ఎన్నో ఏళ్లుగా ఉంచుకున్న వేట రైఫిల్ అది. మా ఇంట్లో ఆయుధపూజకి కత్తి, కొడవలి, కారు, తుపాకీ అన్నిటికీ బొట్టు పెట్టాల్సిందే. ఆ బొట్టు దానంతటది రాలేదాకా తుడవకూడదు. ఈసారి అమ్మకి భక్తి పొంగింది. "పైన బొట్టెడితే సాల్తాదేటి? లోపలికి కూడా దేవుడెల్లాల గదా!" అని గొట్టంలోకి రెండు ఉద్ధరిణెల కొబ్బరినీళ్లు పోసింది. ఆ సంగతి తెలియని నాన్న, బొట్టుతో సహా దాన్ని ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేశారు. మళ్లీ తీసి చూస్తే ఏముంది, గొట్టం లోపలంతా తుప్పు, గుంటలు. అదిగో, అప్పటినుంచీ మౌనవ్రతం.

గొట్టం మార్పించడానికి తెలుక్ ఇంతాన్‌లోని తుపాకుల దుకాణానికి కారు నేను నడిపాను. నాన్న ముందు సీట్లో, అమ్మ వెనక. దారంతా ఇద్దరూ నాతోనే మాట్లాడారు.

"ఏసీ తగ్గించమని మీ నాన్నకి సెప్పు."

"సలేస్తే సాలువా కప్పుకోమని మీ అమ్మకి సెప్పు."

నేనేమన్నా పోస్టాఫీసునా? ఒళ్లు మండింది, నవ్వూ ఆగలేదు.

దుకాణం నడిపే చీనా తాత లైసెన్సు చూసి, తూటా వెనక మూసే బోల్టు లాగి, కింది చెక్క విప్పి పెదవి విరిచాడు. మరలు బిగుసుకుపోయాయట. విప్పేటప్పుడు బోల్టు కూర్చునే భాగం మెలిపడితే తుపాకీ మొత్తం పోయినట్టేనట. ఈ వయసులో ఇంకో తుపాకీకి లైసెన్సు ఇస్తారన్న ఆశ నాన్నకి లేదు. ఆయన మొహం వాడిపోయింది. అమ్మ మొహం అంతకంటే పాలిపోయింది. తుపాకీ పోతే ఈయన ఇక జన్మలో నాతో మాట్లాడరు అని ఆమె భయం. నిజం చెప్పొద్దూ, నాకూ అదే భయం.

తాత గొట్టాన్ని చెక్క దిమ్మెల మధ్య బిగించి, పొడుగు పిడి రెంచి తగిలించి లాగాడు. మర కదల్లేదు సరికదా, గొట్టమే దిమ్మెల్లో గిర్రున తిరిగింది. పట్టు కోసం దిమ్మెలకు చల్లే చెట్టుబంక పొడి అయిపోయిందని, ఇంకో వారం ఆగి రమ్మని చెప్పాడు.

ఇంకో వారమా! అమ్మ గబగబా సంచీ వెతికింది. వచ్చేటప్పుడు గుడికి వెళ్దామని సాంబ్రాణి తెచ్చుకుంది. "ఇదీ సెట్టుబంకే గదా, ఏసి సూడమను లా!" అంది, మాట చివర ఇక్కడి వాళ్ల 'లా' తగిలించి.

తాత వాసన చూశాడు, పకపకా నవ్వాడు, సుత్తితో పొడి చేసి చల్లాడు. ఈసారి రెంచికి నాన్న కూడా ఓ చెయ్యి వేశారు. టక్! గొట్టం వదిలింది. ఓరి నాయనో, నేను గంతేసినంత పని చేశాను.

కొత్త గొట్టం బిగించాక, కొలత సరిచూడటానికి తాత తూటా ఆకారంలో ఉన్న రెండు ఇనుప ముక్కలు తీశాడు. మొదటిది పెడితే బోల్టు మూసుకుంది. రెండోది పెడితే సగంలో ఆగిపోయింది.

"అయ్యో, అయ్యో! మూతపడ్డం లేదు! గట్టిగా నొక్కమను!" అని అమ్మ కేక.

రెండోది వెంట్రుకవాసి పొడుగు, దానికి మూతపడకూడదు, పడకపోతేనే కొలత సరిపోయినట్టు అని తాత చెప్పాడు. అమ్మ నోరు తెరిచి నిలబడిపోయింది. నాన్న భుజాలు కదిలాయి. ఆపుకోవాలని చూశారు, వల్ల కాలేదు. బెంచి పట్టుకుని కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. ఆయన్ని చూసి తాత, తాతని చూసి నేను, దుకాణం దద్దరిల్లిపోయింది.

నవ్వుతూనే నాన్న వెనక్కి తిరిగారు. "ఆకలేస్తన్నాదేటి?"

అమ్మ నా వైపు చూసింది. "మీ నాన్న ఎవుర్నడుగుతన్నారే?"

"నిన్నేనే," అన్నారు నాన్న.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీరు మాటాడకుండా లెగిసెల్లిపోతంటే, నాకు ముద్ద దిగినాదేటి ఇన్నాల్లూ?"