తప్పెట్లు వద్దన్న మా ఇంగ్లీషు సారు

మా ఇంగ్లీషు సారు పోయారని మొన్న పొద్దున్నే క్లాసు గ్రూపులో మెసేజ్ వచ్చింది. కిందే ఇంకో ముక్క: తప్పెట్లు, పూలరథం, ఫ్లెక్సీలు ఏవీ వద్దని సారే చెప్పి పోయారట. చెప్పకపోయుంటేనే ఆశ్చర్యపోయేదాన్ని. మడకశిర బస్సెక్కాను.

బళ్ళో ఒకసారి 'ఫస్' అన్న చిన్న ఇంగ్లీషు మాట మీద ఆయన ఒక పీరియడంతా పాఠం చెప్పారు. "అక్కరలేని హడావిడి. డిక్షనరీ అంతే చెప్తాది. మిగిలింది మన ఊర్లల్లో చూడండప్పా." పెళ్ళిలో మర్యాద తగ్గిందని భోజనాల బంతిలోంచి లేచి వెళ్ళే మామ 'మేక్స్ ఎ ఫస్'. సంగటి కాస్త గట్టిపడిందని కంచం నెట్టేవాడు 'ఫస్సీ'. ఈనిన పిల్లను వదలకుండా నాకుతూ ఉండే గొర్రె 'ఫసెస్ ఓవర్'. "ఈడ మాత్రం తిట్టు లేదు, ప్రేమ ఉండాది."

కుదురుగా కూర్చోలేని నేను లేచాను. "నీళ్ళు రాలేదని మా ఊరోళ్ళు ఖాళీ బిందెలతో బస్సు ఆపినారు. అది ఫస్సేనా సార్?"

క్లాసు నవ్వింది. ఆయన నవ్వలేదు.

"బస్సులో కూచున్నోడు అంటాడు. బిందె పట్టుకున్నామె అనదు. అక్కరలేదని తేల్చినోడు ఎవరో, అది చూడమ్మా ముందు."

ఉద్యోగంలో, ఇంట్లో, ఎవరైనా నన్ను గొడవెందుకన్నప్పుడల్లా అదే చూస్తున్నాను.

ఇంటిదగ్గర ఆ మాట సారు తన భార్య మీదే వాడేవారు. ఆమె మఫ్లర్ తెస్తే ఫస్, వేణ్ణీళ్ళు కాస్తే ఫస్. "మీ సారు నాకు నేర్పిన ఇంగ్లీషు ఇదొక్కటే," అని మాకు టీ ఇస్తూ నవ్వేవారామె.

నేను వెళ్ళేసరికి తప్పెట్లవాళ్ళు వాకిట్లో ఊరికే నిలబడి ఉన్నారు. ఎవరూ పిలవకపోయినా వచ్చారు. ఆమె సారు తల దగ్గర కూర్చుని, ఏడుపు బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకున్నారు.

"వాళ్ళను పంపించేస్తాన్మా. నాయన వద్దన్నాడు కదా," అన్నాడు కొడుకు.

ఆమె కొంగు తీసేశారు. "బతికినన్నాళ్ళూ ఆయన మాటే వింటి. ఆయనకు అక్కరలేదు, సరే. నాకుండాది." వాకిలి వైపు తిరిగారు. "కొట్టండప్పా!"

వాళ్ళు నాలుగు ఎండుపుల్లలు అంటించి, తోలు బిగిసేలా తప్పెట్లు కాచారు. మొదటి దెబ్బకు మిద్దె మీది పావురాలు ఒక్కసారిగా లేచాయి. ఆమె గొంతెత్తి, వీధి చివరిదాకా వినబడేలా, ఆయన్ను పేరు పెట్టి పిలిచారు. ఆమె నోట ఆ పేరు వినడం ఆ వీధికి అదే మొదటిసారి.