చక్రాల పిన్ని రెండో బిగింపు

ముందు చప్పుడు వినిపించింది. టిక్కు, టిక్కు అంటూ, ఎవరో తీరిగ్గా గింజలు ఒక్కొక్కటే పళ్లెంలోకి జారవిడుస్తున్నట్టు. ఆసుపత్రి వెనక వరండాలో నడుస్తున్నకొద్దీ అది దగ్గరైంది. మధ్యలో ఒకచోట తడబడి మళ్లీ సర్దుకుంటోంది. తడబడిన ప్రతిసారీ ఒక ఆడగొంతు "ఊఁ" కొడుతోంది, కథ వింటున్నట్టు.

తలుపు తెరిచే ఉంది. పొట్టి ముక్కాలిపీట మీద ఒకావిడ కళ్లు మూసుకుని, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా నేలమీద తలకిందులుగా ఒక చక్రాల కుర్చీ. దాని చక్రాన్ని ఒకమ్మాయి వేలితో తిప్పి వదులుతోంది. కిటికీలోంచి పడిన ఎండ చువ్వల మధ్య చిక్కుకుని, గోడంతా నీడలుగా పరుగెత్తుతోంది.

"ఎక్కడ?" అంది అమ్మాయి.

"నువ్వే చెప్పు."

"గాలి కొట్టే చోటుకి ఎదురుగా ఉన్న చువ్వ."

"అనుకుంటున్నావా, తెలుసా?"

"తెలుసు."

"మరి నన్నెందుకు అడిగావే తల్లీ, నా నిద్ర చెడగొట్టడానికి కాకపోతే!"

ఇద్దరూ నవ్వారు. అప్పుడు కళ్లు తెరిచి నన్నూ, నేను ఖాళీగా తోసుకొచ్చిన మా అమ్మ కుర్చీనీ చూసింది ఆవిడ. మనిషి కంటే ముందు కుర్చీనే పలకరించింది. "నీకేమొచ్చింది? కుడివైపు ఒరిగిపోయావ్!"

చేతిలో పని అయ్యేదాకా ఆగమంది. ఆగాను. ఆ ఆగడంలో విన్నదే ఇదంతా.

ఆవిడని అందరూ చక్రాల పిన్ని అంటారు. సైకిళ్ల ఫ్యాక్టరీలో చక్రాల వంకర తీసే చోట పనిచేసింది. అక్కడొక పద్ధతి ఉండేది. ఒకరు బిగించిన చక్రాన్ని, వాళ్లు ఇంటికెళ్లాక ఇంకొకరు విప్పి మళ్లీ బిగించేవారు. దాన్ని రెండో బిగింపు అనేవారు. ఎవరి పని ఎవరు దిద్దారో తెలియకూడదని, ఎదురుగా దిద్దితే మనసులు నొచ్చుకుంటాయని ఆ ఏర్పాటు. కుర్రతనంలో మొదటి బిగింపులో చేరిన పిన్ని, జుట్టు నెరిసే వేళకి రెండో బిగింపులో అందరికంటే పెద్దదైంది. ఫ్యాక్టరీ మూతపడింది. చేతులు మాత్రం మూతపడలేదు.

పిన్ని వాళ్లక్కకి కాళ్లు పడిపోయినప్పుడు చక్రాల కుర్చీ కొన్నారు. ఏడాది తిరక్కుండానే దాని ముందు చక్రం ఊడింది. కొత్తది కొనుక్కోమన్నాడు కొట్టువాడు. పిన్ని ఆ చక్రాన్ని చీరకొంగులో మూటకట్టుకుని ఇంటికి తెచ్చి, వంటగది గట్టు మీద పెట్టుకుని బాగుచేసింది. అక్క వాకిట్లోకి వెళ్లి, మళ్లీ వాకిట్లోంచి లోపలికొచ్చి, "ఇంకోసారి వెళ్లొస్తానే" అందట. ఆ మాట కోసమే ఇంత కాలం ఈ పని చేస్తున్నానని చెబుతుంది పిన్ని.

సంగతి ఆసుపత్రి దాకా పాకింది. పాత పరుపులు పడేసే గదిని ఖాళీ చేసి ఇచ్చారు. ఎవరి కుర్చీ అయినా సరే, ఊరికే బాగుచేసి ఇవ్వడం. ఫ్యాక్టరీ స్నేహితులు కొందరు తోడొచ్చారు. కాలం గడిచింది. ఒకరికి చూపు మందగించింది, ఒకరు కూతురి దగ్గరికి వెళ్లిపోయారు, ఇంకొకరు తామే కుర్చీలో కూర్చునే స్థితికొచ్చారు. గదిలో పానాల పెట్టె, పిన్ని, రోజూ టీ ఫ్లాస్కు పట్టుకొచ్చే బాబాయి మిగిలారు.

బాబాయి రిటైరైన బస్సు కండక్టరు. నోరు ఊరుకోదు. "నా బస్సులో చోటు లేదు మొర్రో అంటే మీదపడి ఎక్కేవాళ్లు. మీ పిన్ని దగ్గర అన్నీ కుర్చీలే. ఒక్కడూ కూర్చునేవాడు కాదు!" అన్నాడు నాతో, టీ పోస్తూ.

కూర్చోకపోలేదు. పక్క కాలేజీ పిల్లలు గుంపులుగా వచ్చేవారు. మొదటి రోజు గది కిక్కిరిసిపోయేది. ఫొటోలు దిగేవారు. గుడ్డ పట్టుకుని తుడిచేవారు, చీపురు పట్టుకుని ఊడ్చేవారు, గ్రీజు డబ్బా అందించేవారు. బాగా సతాయిస్తే పిన్ని ఒక నట్టు బిగించనిచ్చేది. కొన్నాళ్లకి గుంపు పలచబడేది. చేతిలో హెల్మెట్‌తో వచ్చే ఒకబ్బాయి మాత్రం చక్రం బిగించేదాకా నిలిచాడు, తర్వాత వాడూ మానేశాడు. ఇంకొన్నాళ్లకి గదిలో చీపురు ఒక్కటే మిగిలేది.

"ఈ కాలం పిల్లలకి నిలకడ లేదండీ," అనేది పిన్ని ఇంటికెళ్లే దారిలో.

"వాళ్లకి లేదో, నువ్వు నిలవనివ్వవో," అనేవాడు బాబాయి.

"నేనేం చేశాను? ఒక్కమాటన్నానా?"

"అదే మరి. ఒక్కమాటా అనవు."

ఆయనకి తెలుసు. పిల్లలు వెళ్లిపోయాక పిన్ని తలుపు దగ్గరకి వేసి, వాళ్లు బిగించిన ప్రతి నట్టునీ విప్పి మళ్లీ బిగించేది. తప్పున్నా, లేకపోయినా. కుర్చీ మీద కూర్చునేది మనిషి కదా, పడితే లేవలేని మనిషి. పిల్లల ముందు దిద్దితే చిన్నబుచ్చుకుంటారని రహస్యంగా చేసేది. ఆవిడ లెక్కలో అది మర్యాద.

ఇంతలో పిన్ని వేళ్ల కీళ్లు మొరాయించాయి. ముందు టీ గ్లాసు రెండు చేతులా పట్టుకోవలసి వచ్చింది. తర్వాత పానా జారడం మొదలైంది. అది ఆసుపత్రి స్టోరు చూసే పెద్దాయన కంటబడింది. మనిషి చెడ్డవాడు కాదు. మందుల పెట్టెలు ఏటా వానకి తడుస్తున్నాయని అతని గోల. "అమ్మా, మీ తర్వాత ఎవరు? నిలకడగా వచ్చేవాళ్లు ఒక్కరున్నా చూపించండి, నేనే పోరాడతాను. లేకపోతే వానలు పడేలోగా ఈ గది స్టోరుకి పోతుంది," అన్నాడు. ఆ వారంలోనే ఇనుప ర్యాకులు వచ్చి వరండా గోడకి ఆనుకుని నిలబడ్డాయి. పిన్ని లోపలికి వెళ్లేటప్పుడల్లా అవి ఖాళీ అరలతో ఆవిడ వంకే చూసేవి.

సరిగ్గా అప్పుడే వచ్చింది ఈ అమ్మాయి. ఇస్త్రీ దుకాణం నడిపే ఆమె కూతురు, ఆ పక్క కాలేజీలోనే చదువుతోంది. నోరు తెరిస్తే ప్రశ్న. బాబాయి చూసిన రోజే "ఎందుకమ్మ" అని పేరు పెట్టేశాడు.

"ఈ నట్టు ఇటే ఎందుకు తిప్పాలి పిన్నీ?"

"తిప్పితే బిగుస్తుంది గనక."

"బ్రేకులు రెండూ సమానంగా ఎందుకు బిగించాలి?"

"చేతులు రెండూ సమానం గనక."

"అందరికీనా?"

పిన్ని గ్రీజు డబ్బా అందించమంది.

ఎందుకమ్మ ఫొటో దిగలేదు. మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. చువ్వలు మీటి, చెవి దగ్గర పెట్టుకుని వినడం నేర్చుకుంది. పిన్ని లోపల ఎక్కడో ఒక చిన్న దీపం వెలిగింది. కానీ సాయంత్రం తలుపు దగ్గరకి వేసి దిద్దడం మాత్రం ఆగలేదు. అలవాటు అలాంటిది. ఇష్టమైన పిల్ల గనక ఇంకాస్త జాగ్రత్తగా దిద్దేది, అంతే.

ఒకరోజు టైలరు తాత కుర్చీ వచ్చింది. పక్షవాతం వచ్చి ఆయన ఎడమచెయ్యి సగం నిద్రపోయింది. మిగతా సగంతో ఇప్పటికీ కాజాలు కుడతాడు. ఎందుకమ్మ ఆ మధ్యాహ్నమంతా ఆయన పక్కనే కూర్చుంది. ఆయన్ని బెంచీ మీదికి మార్చి, తను కుర్చీలో కూర్చుంది. ఎడమచేతి మూడువేళ్లు చున్నీతో కట్టేసుకుని, మిగిలిన రెండింటితో బ్రేకు తియ్యడానికి ప్రయత్నించింది. రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. చివరికి చెత్తబుట్టలో వెతికి, పాత సైకిల్ హ్యాండిల్ గొట్టం ముక్క ఒకటి తెచ్చి, ఎడమ బ్రేకు పిడికి తొడిగింది. పిడి పొడుగైంది. బ్రేకు బిగింపు కొద్దిగా తగ్గించింది. తాత చిటికెనవేలితో అలా నొక్కాడు. బ్రేకు వదిలింది.

"నా పెళ్లాం కూడా ఇంత తొందరగా నా మాట వినలేదే!" అన్నాడు తాత.

అప్పుడు పిన్ని గదిలో లేదు, కీళ్ల మందు కోసం వరసలో నిలబడి ఉంది. తిరిగొచ్చేసరికి ఎందుకమ్మ వెళ్లిపోయింది, తాతని చేతి కసరత్తుకి ఆసుపత్రి లోపలికి తీసుకెళ్లారు. తాత మనవడొచ్చి కుర్చీ తీసుకెళ్లే లోగా చూద్దామని వంగింది. ఒక బ్రేకు వదులు. పిడికి వేలాడుతూ ఏదో గొట్టం. పిల్లచేష్ట అనుకుంది. ముద్దుగా నవ్వుకుంది కూడా. గొట్టం పీకేసి, రెండు బ్రేకులూ సమానంగా, గట్టిగా బిగించింది. వేళ్లు నొప్పి పుట్టినా పళ్లబిగువున బిగించింది.

మర్నాడు టైలరు తాత పెరట్లో ఎండ కాగుదామని వెళ్లి, మోచేత్తో నెట్టి బ్రేకు వేసుకున్నాడు. ఎడమది తియ్యలేకపోయాడు, కుడిచెయ్యి అటు అందలేదు. ఇంట్లో ఎవరూ లేరు. ఎండ నెత్తిమీదికొచ్చింది. పక్కింటివాళ్లు చూసి లోపలికి చేర్చేసరికి మనిషి వాడిపోయి, బట్టలు తడిసి ఉన్నాడు. ఎండ దెబ్బ కంటే ఆ తడే ఆయన్ని కుంగదీసింది.

కుర్చీ మళ్లీ గదికి వచ్చింది. వెనకే మనవడు, మొహం మాడ్చుకుని. ఎందుకమ్మ మోకాళ్లమీద కూర్చుని బ్రేకు చూసింది. చాలాసేపు చూసింది.

"పిన్నీ, నేను పెట్టిన గొట్టం ఏది?"

పిన్ని కళ్లు చెత్తబుట్ట వైపు తిరిగాయి.

"తీసేశారా?"

"వదులుగా ఉందని..."

"తప్పయితే నాకు చెప్పాల్సింది. తిట్టాల్సింది. నాతోనే విప్పించాల్సింది. నేనటు వెళ్లగానే విప్పేస్తే, ఇక నేను రావడం ఎందుకు? హెల్మెట్ అబ్బాయి ఎందుకు మానేశాడో తెలుసా మీకు? హెల్మెట్ మర్చిపోయి వెనక్కొచ్చాడు. పొద్దుట్నుంచీ వాడు బిగించిన చక్రాన్ని మీరు విప్పుతుంటే కిటికీలోంచి చూశాడు. కాలేజీలో మాతో ఏమన్నాడో తెలుసా? 'అక్కడ మనం ఆడుకోవడానికే, పని వేరేవాళ్లు చేసుకుంటారు' అన్నాడు. నేను నమ్మలేదు."

గుడ్డ మడిచి బల్లమీద పెట్టి వెళ్లిపోయింది. అలా మడిచి పెట్టడమే పిన్నికి ఎక్కువ గుచ్చుకుంది. విసిరికొట్టి ఉంటే బాగుండేదనిపించింది.

పిన్ని చెత్తబుట్ట బోర్లించి గొట్టం ముక్కని వెతికి పట్టుకుంది. తాత కుర్చీలో తనే కూర్చుంది. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఏ కుర్చీలోనూ కూర్చోలేదు. కీళ్లు పట్టేసిన తన వేళ్లతో బ్రేకు తియ్యబోయింది. రాలేదు. గొట్టం తొడిగి, బ్రేకు వదులు చేసి నొక్కింది. వచ్చేసింది. వరండాలో ర్యాకులు నిశ్శబ్దంగా నిలబడి ఉన్నాయి.

ముందు తాత ఇంటికెళ్లింది. "నేనే విప్పాను, ఆ పిల్ల తప్పేం లేదు," అంది. తాత కుడుతున్న కాజాకి ముడి వేసి, "నేనూ పాతికేళ్లు శిష్యుల కుట్లు విప్పాను. ఒక్కడూ నిలవలేదు. ఎవరి మీదో కోపంతో వెళ్లిపోయారనుకున్నాను," అన్నాడు. "వెళ్లు, ఆ పిల్లని తెచ్చుకో. నా కుర్చీ ముట్టుకుంటే అదే ముట్టుకోవాలి."

తర్వాత ఇస్త్రీ దుకాణానికెళ్లింది. బొగ్గు వాసన, వేడి, మడతల దొంతరలు. తల్లి పెట్టె ఆపకుండానే అంది, "ఊరికే చేసే చాకిరీకి ఎగబడతావేమే అని రోజూ తిట్టేదాన్ని అక్కా. ఇప్పుడు ఎక్కడికీ పోకుండా గోడకేసి చూస్తోంది. అదే బాగుండేది."

పిన్ని అమ్మాయి ముందు చేతిసంచీ పెట్టింది. లోపల గొట్టం ముక్క ఉంది, తన సొంత పానాల పెట్టె ఉంది.

"పిడికి ఎంత పొడుగుండాలో నాకు తెలీదు. వచ్చి చూపించు."

"మీరు మళ్లీ విప్పరా?"

"విప్పాలనిపిస్తుంది. అబద్ధం చెప్పను. అందుకే పెట్టె నీకిచ్చేస్తున్నా."

ఎందుకమ్మ వెంటనే ఒప్పుకోలేదు. ఇస్త్రీ చేసిన చొక్కాలు దొంతి పెట్టింది, దించింది, మళ్లీ పెట్టింది. చివరికి అంది, "దిద్దాలనిపిస్తే నేనున్నప్పుడే దిద్దాలి. ఎందుకో చెప్పాలి. కుర్చీ ఎవరిదో వాళ్లని అడక్కుండా ఎవరూ, మీరైనా సరే, బిగించకూడదు."

"ఇంకా?"

"చీపురు వంతులవారీగా. మీకూ ఒక వంతు."

"ఇది మరీ అన్యాయం!" అంది పిన్ని. దుకాణంలో మొదటిసారి నవ్వు వినిపించింది.

అందరూ తిరిగొచ్చారని చెప్పను. రాలేదు. హెల్మెట్ అబ్బాయి వచ్చాడు, అదీ చాలా రోజులు గుమ్మం దగ్గరే తచ్చాడాక. పిన్ని అతని చేతికి వంకరపోయిన చక్రం ఇచ్చి, బిగించాక అతని ముందే తప్పు పట్టింది, గట్టిగా. అతను వాదించాడు. మర్నాడు వాదన పూర్తిచేయడానికి వచ్చాడు. అలా ఉండిపోయాడు. ఇంకో ఇద్దరిని తెచ్చాడు. వాళ్లలో ఒకరు వెళ్లిపోయారు, ఒకరున్నారు. స్టోరు పెద్దాయన ఒకరోజు తొంగిచూసేసరికి పిల్లలు కుర్చీల్లో కూర్చుని, తలా ఒక చెయ్యి కట్టేసుకుని గదంతా గుద్దుకుంటున్నారు. "ఇదేం ఆసుపత్రా, బొమ్మకార్ల ఆటా?" అని గొణుక్కుంటూ పోయాడు. మర్నాడు వరండాలోని ర్యాకు ఒకటి లోపలికొచ్చింది, చక్రాలు పెట్టుకోమని. మిగతావి ఇంకా అక్కడే ఉన్నాయి. వానలింకా రాలేదు.

ఆ మధ్యాహ్నం టిక్కు టిక్కు చప్పుడు ఆగాక, ఎందుకమ్మ లేచి చేతులు తుడుచుకుని నావైపు వచ్చింది. మా అమ్మ కుర్చీని నేను అలవాటుగా పిన్నివైపు తోశాను. ఆవిడ చేతులు ఒళ్లోంచి సగం లేచాయి. అక్కడే ఆగాయి. మెల్లగా మళ్లీ ఒళ్లోకి దిగాయి, వాలిన పిట్టల్లా.

"నాకు కాదు బాబూ, మీ అమ్మకి ఎక్కడ ఇబ్బందో ఆ పిల్లకి చెప్పు," అంది చక్రాల పిన్ని. "రేపు అమ్మని కూడా తీసుకురా, అడక్కుండా అది నట్టు ముట్టుకోదు. నేను వెనకనించి ఏమైనా బిగిస్తానేమోనని భయపడకు, పానాలన్నీ దాని దగ్గరే ఉన్నాయి."